కాంటూర్ లైన్లు చదవడం నేర్పండి బాబూ, గుట్ట వీపు అనుకుని వంకలోకి దిగిపోయాం

గుట్టెక్కినోడు • ఆదివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. నవ్వుకోండి పర్లేదు, కానీ నవ్వాక డౌట్ మాత్రం తీర్చండి. ఇవాళ నేనూ మా బామ్మర్దీ చిక్కబళ్ళాపురం వైపు ఒక గుట్టకి పోయాం. ఊరోళ్ళు నడిచే దారిలోనే ఎక్కేశాం, ఇబ్బందేం లేదు. దిగేటప్పుడే నాకు తెలివి ఎక్కువైంది. సర్వే ఆఫ్ ఇండియా సైట్‌లో 57 జీ/11 షీట్ డౌన్‌లోడ్ చేసి మారతహళ్ళిలో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని మరీ పోయా కదా, దాన్ని వాడకపోతే ఎట్లా. శిఖరం నుంచి తూర్పుకి లైన్లన్నీ ఒకదాని వెనక ఒకటి బాణాల్లాగా వీ ఆకారంలో వరసగా ఉన్నాయి, మధ్యలోంచి సన్నటి గీత ఒకటి కింద ఊరిదాకా పోతోంది. ఇది గుట్ట వీపు, దాని మీద కాలిదారి, గంటలో కారు దగ్గరుంటాం పదరా అన్నా.

ముప్పావు గంట దిగాక రెండు పక్కలా గట్లు లేచాయి, ఇక లాంటానా పొదలు, బండల మధ్య పాచి నీళ్ళు, తర్వాత ఉన్నట్టుండి కాలికింద నేల అయిపోయింది. నాలుగంతస్తుల బిల్డింగ్ అంత నిట్టనిలువు. మ్యాప్‌లో అక్కడ ఏమీ లేదు! మళ్ళీ పైకెక్కి వచ్చిన దారినే దిగేసరికి చీకటి, ఫోన్ 4 శాతం. మా వాడు హెబ్బాళ దాకా నాతో మాట్లాడలేదు.

ప్రశ్న ఒకటే. వీ చూసి అది వీపో వంకో ఎట్లా కనుక్కోవాలి? సరే ఇంకోటి కూడా, ఆ నిలువు మ్యాప్‌లో ఎందుకు లేదు?

సిల్క్‌బోర్డ్_బాధితుడు • ఆదివారం రాత్రి 11:34

హెబ్బాళ తర్వాత అయినా మాట్లాడాడా, అదృష్టవంతుడివి. నేను మా ఆవిడని ఒకసారి సావనదుర్గ బండ తీసుకెళ్ళా, మళ్ళీ ట్రెక్ అన్న మాట ఇంట్లో వినపడలేదు.

రసమట్టం • సోమవారం ఉదయం 6:05

బాబూ, నేను ముప్పై ఏళ్ళు అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనులకి డంపీ లెవెల్ (నేల ఎత్తులు కొలిచే పరికరం) మోసినవాణ్ణి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గరుంటున్నాను, పొద్దున్నే పనేం లేదు కాబట్టి వివరంగా రాస్తాను.

కాంటూర్ అంటే ఏమిటో ముందు కళ్ళకి కట్టుకో. ఎండాకాలంలో శ్రీశైలం డ్యామ్ వెనక వైపు పడవెక్కావా ఎప్పుడన్నా? నీళ్ళు తగ్గేకొద్దీ కొండ చుట్టూ చారలు చారలుగా మరకలు మిగులుతాయి. ఒక్కో చార ఒక్కో రోజు నీటిమట్టం. ఆ చార మీద ఎక్కడ నిలబడ్డా ఎత్తు ఒకటే, ఎక్కక్కర్లేదు దిగక్కర్లేదు, కొండ చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తావు. ఆ చారల్ని ఆకాశం నుంచి చూసి కాగితం మీద గీస్తే అవే కాంటూర్లు. బళ్ళో సమోన్నత రేఖలు అని చదివించి ఉంటారు, ఆ పేరు వినే సగం మంది పిల్లలు భయపడిపోయారు.

ఇప్పుడు నీ వీ సంగతి. ఆ చారలు కొండ మడతలోకి, అంటే వంకలోకి వచ్చినప్పుడు ఏం చేస్తాయి? నీళ్ళు మడత లోపలికంటా చొరబడతాయి, కాబట్టి వీ మొన శిఖరం వైపు గుచ్చుకుంటుంది. వీపు దగ్గర కొండే నీళ్ళలోకి పొడుచుకొస్తుంది, కాబట్టి మొన కిందికి, పల్లం వైపు ఉంటుంది. మొన ఎత్తువైపు ఉంటే వంక, పల్లంవైపు ఉంటే వీపు. అయితే ఏది ఎత్తు ఏది పల్లమో ఆకారం చూసి తేలదు, అంకె చూడాలి. ప్రతి అయిదో గీత లావుగా ఉంటుంది, దాని మీద అంకె వేస్తారు. నువ్వు అంకెలు చూడకుండా బాణం చూశావు. నీరు పల్లమెరుగు అన్నారు, నీళ్ళు ఎటు పోతాయో ముందు తేల్చుకో, కాళ్ళ సంగతి తర్వాత.

కోనసీమ_కుర్రాడు • సోమవారం ఉదయం 9:48

మాస్టారూ దండాలండి. మాది అమలాపురం దగ్గరండి, మా ఊళ్ళో కాలవ గట్టే ఎవరెస్టు, ఈ కాంటూర్లు పదో తరగతిలో బట్టీ కొట్టి రాసేశాను గానీ ఇవాళ అర్థమైంది. ఒక పిచ్చి డౌటండి, శ్రీశైలంలో 885 అడుగుల నీళ్ళు అని టీవీలో చెప్తారు కదా, అంటే లోతు 885 అడుగులా?

రసమట్టం • సోమవారం ఉదయం 10:10

పిచ్చి డౌట్ కాదు, చాలామంది ఇంజినీర్ల ఇళ్ళల్లో కూడా ఇదే అనుకుంటారు. 885 అడుగులు శ్రీశైలం పూర్తి నీటిమట్టం, సాగర్‌ది 590. రెండూ సముద్ర మట్టం నుంచి లెక్క. డ్యామ్ అడుగు నేలే సముద్రం కన్నా బాగా ఎత్తులో ఉంది కాబట్టి లోతు అందులో కొంతే. మ్యాప్‌లో కాంటూర్ అంకె కూడా అదే లెక్క. రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు అడుగున చిన్న అక్షరాలతో ఉండే ఎత్తు కూడా అంతే. మన బెంగళూరు స్టేషన్‌లో దాదాపు 900 మీటర్లు, చెన్నై సెంట్రల్‌కి పోతే ఒంటి అంకె. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని ఇడ్లీ తింటూ దాదాపు 900 మీటర్లు దిగిపోతాం, తెలీదు.

ఓరుగల్లు_రన్నర్ • సోమవారం మధ్యాహ్నం 1:15

అన్నా నువ్వు స్కేల్ వెట్టి కొలిసినవా అసలు? ఆ షీట్ 1:50,000. ఒక సెంటీమీటర్ అంటే అర కిలోమీటర్. గీతకీ గీతకీ మధ్య ఎత్తు 20 మీటర్లు. నువ్వు ఆగిపోయిన కాడ గీతలు ఎంత దగ్గర ఉన్నయో కొలిచి చెప్పు, వాలు ఎంతో లెక్క గట్టి చెప్త.

గుట్టెక్కినోడు • సోమవారం మధ్యాహ్నం 2:02

లంచ్ మానేసి కొలిచా. నాలుగు గీతలు 2 మిల్లీమీటర్లలో ఉన్నాయి.

ఓరుగల్లు_రన్నర్ • సోమవారం మధ్యాహ్నం 2:20

నాలుగు గీతలంటే మధ్యల మూడు సందులు, 60 మీటర్ల ఎత్తు. 2 మిల్లీమీటర్లంటే 100 మీటర్ల దూరం. 60ని 100తోని భాగిస్తే 0.6, అంటే 31 డిగ్రీలు. ఇంట్ల మెట్లు 30, 35 ఉంటయి. మెట్లు లేకుంట అంత వాలు, అదీ పొదలల్ల! మ్యాప్ మంచిగనే చెప్పింది గదనే, నువ్వే సూడలే.

రసమట్టం • సోమవారం మధ్యాహ్నం 2:41

ఒక్క నిమిషం. ఆ ప్రింట్ ఎంత సైజు కాగితం మీద తీశారు? అసలు షీట్ నిలువునా 55 సెంటీమీటర్లు ఉంటుంది.

గుట్టెక్కినోడు • సోమవారం మధ్యాహ్నం 2:50

ఏ4 సార్. గుట్ట ఉన్న ముక్క మాత్రమే తీసుకుని షాపు కుర్రాడు ఫిట్ టు పేజ్ కొట్టాడు, అంటే కాగితానికి సరిపోయేలా కుదించేశాడు.

రసమట్టం • సోమవారం మధ్యాహ్నం 3:04

అయితే 1 సెంటీమీటర్ అర కిలోమీటర్ కాదు, ఆ లెక్క చెల్లదు. భయపడకు, కనుక్కోవచ్చు. షీట్ మీద అయిదేసి నిమిషాలకి ఒక అక్షాంశ రేఖ ఉంటుంది. అయిదు నిమిషాలంటే నేల మీద దాదాపు 9.2 కిలోమీటర్లు. నీ కాగితం మీద ఆ రెండు రేఖల మధ్య కొలువు.

గుట్టెక్కినోడు • సోమవారం మధ్యాహ్నం 3:11

11.5 సెంటీమీటర్లు.

రసమట్టం • సోమవారం మధ్యాహ్నం 3:19

అంటే నీ కాగితం మీద సెంటీమీటర్ 800 మీటర్లు. 2 మిల్లీమీటర్లు 160 మీటర్లు. 60ని 160తో భాగిస్తే 0.375, వాలు ఇరవై డిగ్రీల చిల్లర. ఇక ఇంకో ప్రశ్న, ప్రింట్ రంగుల్లోనా, నలుపు తెలుపా?

గుట్టెక్కినోడు • సోమవారం మధ్యాహ్నం 3:22

నలుపు తెలుపు సార్... కలర్ అయితే పది రూపాయలన్నాడు...

రసమట్టం • సోమవారం మధ్యాహ్నం 3:40

పది రూపాయలు మిగిల్చి సాయంత్రం పోగొట్టుకున్నావు. ఈ షీట్లలో కాంటూర్లు గోధుమ రంగు, కాలిదారి ఎర్ర చుక్కలు, ఏడాదంతా నీళ్ళుండే చోటు నీలం. వానాకాలం మాత్రమే పారే వాగు, వంక మాత్రం నల్ల గీత. మన వైపు వంకల్లో ఎక్కువ భాగం ఎండిపోయేవే కాబట్టి షీట్ నిండా నల్ల గీతలే కనిపిస్తాయి. నువ్వు కాలిదారి అనుకున్న సన్నటి గీత ఏమిటో ఇప్పుడు తెలిసిందా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు • సోమవారం మధ్యాహ్నం 3:44

వంకలో వంకకి అనుగుణంగా నడిచాడన్నమాట 😂

గుట్టెక్కినోడు • సోమవారం సాయంత్రం 6:30

నోట మాట రావట్లేదు. సరే ఒప్పుకున్నా. కానీ ఇరవై డిగ్రీలే అయితే ఆ నాలుగంతస్తుల నిలువు ఎక్కడినుంచి వచ్చింది?

పిక్సెల్_పద్మ • సోమవారం రాత్రి 9:15

నేను రోజంతా ఇదే పని చేస్తా, జీఐఎస్‌లో, అంటే కంప్యూటర్ మ్యాపుల్లో, ఎత్తుల డేటా. 1060 గీతకి 1080 గీతకి మధ్య నేల ఎలా ఉందో మ్యాప్ ఒక్క ముక్క కూడా చెప్పదు, అక్కడ ఎక్కడో ఆ రెండు ఎత్తులు ఉన్నాయని మాత్రమే చెప్తుంది. సాఫీగా వాలుగా దిగొచ్చు, లేదా కాసేపు చదునుగా పోయి ఒకేసారి 15 మీటర్లు తెగిపడొచ్చు. రెండిటికీ గీతలు ఒకేలా పడతాయి. ఇరవై డిగ్రీలు అనేది సగటు. మా నాన్న అంటుంటారు, సగటున మోకాలి లోతే అని ఏరు దాటకూడదని. గీతకీ గీతకీ మధ్య 20 మీటర్లు ఉన్న మ్యాప్‌లో 15, 18 మీటర్ల గోడ హాయిగా దాక్కుంటుంది. బెంగళూరు చుట్టుపక్కల గుట్టలన్నీ బండరాళ్ళు, ఇలాంటివి అడుగడుగునా ఉంటాయి. అందుకే వంక పట్టుకుని దిగకూడదంటారు, నీళ్ళు దూకగలిగే చోట మనం దూకలేం.

ఒక పిట్ట కథ. ఇలా ఒకే ఎత్తున్న చుక్కల్ని కలిపి గీతలు గీసి పెద్ద లెక్క కట్టినవాడు చార్లెస్ హటన్, స్కాట్లాండ్‌లో షిహాలియన్ అనే కొండ దగ్గర 1774లో మొదలైన ప్రయోగం కోసం. భూమి బరువు తేల్చడానికి ముందు ఆ కొండ ఎంతుందో తేలాలి, వేల అంకెలు కాగితం మీద గజిబిజిగా ఉంటే ఈ గీతలతో కొండ ఆకారం తేల్చుకున్నాడు. అంతకు ముందే నదుల లోతుకి ఇలాంటి గీతలు వాడినవాళ్ళు ఉన్నారనుకోండి.

ఆఫ్‌లైన్_అప్పారావు • సోమవారం రాత్రి 9:50

ఇదంతా ఎందుకండీ ఇంకా. ఫోన్‌లో యాప్ వేసుకుంటే కాంటూర్లూ వస్తాయి, నువ్వెక్కడున్నావో చుక్కా వస్తుంది. 2 రూపాయల జిరాక్స్ పట్టుకుని తిరిగే రోజులా ఇవి.

గుట్టెక్కినోడు • సోమవారం రాత్రి 9:53

4 శాతం అన్నా. 4 శాతం.

పిక్సెల్_పద్మ • సోమవారం రాత్రి 10:20

అప్పారావు గారూ యాప్ నేనూ వాడతా, కానీ ఆ కాంటూర్లు ఎవరూ కొండెక్కి గీసినవి కావు. చాలా యాప్‌లలో అవి ఎస్ఆర్‌టీఎం డేటా నుంచి కంప్యూటర్ గీసినవి, అంటే 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచినవి. 30 మీటర్ల గడికి ఒక్క ఎత్తు. చిన్న గోడ లాంటి బండ ఉంటే దాన్ని పక్క గడులతో కలిపి నున్నగా చేసేస్తుంది, దట్టమైన చెట్లుంటే చెట్ల తలల్ని కూడా నేలలో కలిపేసుకుంటుంది. యాప్‌లో 10 మీటర్లకో గీత కనిపించిందని 10 మీటర్ల నిజం ఉందనుకోకండి, కంప్యూటర్‌కి చెప్తే 1 మీటర్‌కో గీత కూడా గీసిస్తుంది, దాని సొమ్మేం పోయింది.

గుట్టెక్కినోడు • మంగళవారం ఉదయం 8:40

పద్మక్కా, ఎత్తులు అంటే గుర్తొచ్చింది. ఫోన్‌లో జీపీఎస్ యాప్ మా అపార్ట్‌మెంట్ దగ్గర 803 మీటర్లు అంటుంది. మ్యాప్ ప్రకారం మారతహళ్ళి 890 దాకా ఉండాలి. ఫోన్ పాడైందా?

పిక్సెల్_పద్మ • మంగళవారం ఉదయం 9:30

ఫోన్ బంగారం, నిజమే చెప్తోంది, కాకపోతే వేరే సున్నా నుంచి కొలుస్తోంది. జీపీఎస్‌కి సముద్రం ఎక్కడుందో తెలీదు. భూమిని కాస్త నొక్కిన నున్నటి బంతి లాంటి లెక్కల ఆకారంగా అనుకుని దాని పైనుంచి ఎత్తు చెప్తుంది. అసలు సముద్ర మట్టం గురుత్వాకర్షణని బట్టి అక్కడక్కడ ఉబ్బి, అక్కడక్కడ కుంగి ఉంటుంది. ప్రపంచం మొత్తంలో బాగా కుంగిన చోటు మనకి దగ్గరే, శ్రీలంకకి దక్షిణంగా హిందూ మహాసముద్రంలో, ఆ లెక్కల ఆకారం కన్నా 100 మీటర్లకి పైగా కింద. ఆ గుంట అంచులోనే మనమూ ఉన్నాం, బెంగళూరులో తేడా 85, 90 మీటర్ల మధ్య వస్తుంది. మీ 803కి ఆ తేడా కలపండి, సరిపోతుంది. ఇదే యాప్ చెన్నై మెరీనాలో తెరిస్తే మీరు సముద్రం అడుగున ఉన్నారని మైనస్ ఎత్తు చూపిస్తుంది. కొన్ని యాప్‌లు ఆ తేడా వాటంతటవే కలిపేస్తాయి, కొన్ని కలపవు, సెట్టింగ్స్‌లో చూసుకోవాలి.

ఓరుగల్లు_రన్నర్ • మంగళవారం ఉదయం 10:05

వాచ్‌ల బారోమీటర్ ఉన్నోళ్ళకి ఇంకో తలనొప్పి. గాలి ఒత్తిడి వెట్టి ఎత్తు లెక్క గడ్తది అది. మన దిక్కు పొద్దుగాల పదింటికి ఒత్తిడి ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి తక్కువ, రోజూ గిట్లనే ఊగుతది. కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే సాయంత్రానికి 30 మీటర్లు ఎక్కినట్టు సూపెడ్తది. గుట్ట కింద మ్యాప్‌ల ఎత్తు రాసి ఉన్న కాడ ఒకసారి సెట్ చేసుకొని ఎక్కాలె.

సిల్క్‌బోర్డ్_బాధితుడు • మంగళవారం రాత్రి 10:45

మీ గుట్టల గోల సరే, నాకు పనికొచ్చేది చెప్పండి. వర్తూరు వైపు ఫ్లాట్ చూస్తున్నాం. బిల్డర్ ఆఫీసులో వాడు ఎత్తు ప్రదేశం సార్, చుక్క నీరు నిలవదు అంటున్నాడు. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాక్టరెక్కి ఆఫీసుకి పోయినవాణ్ణి, నాకు నమ్మకం లేదు. కాంటూర్ మ్యాప్ చూసి చెప్పొచ్చా?

పెన్నొడ్డు • మంగళవారం రాత్రి 11:20

సూడప్పా, 20 మీటర్ల గీతతో ఊర్లో ఏం తేలదు. ఇల్లు మునిగేదానికి ఒక మీటరు తేడా చాలు. కానీ పాత షీట్ తీసుకో, 1970ల నాటిది దొరికితే మేలు. అందులో చెరువులు యాడుండాయో సూడు, కట్ట యాడుందో సూడు. కట్ట పక్కన 6ఆర్ అని చిన్నగా రాసింటారు, ఆర్ అంటే పక్క నేల నుంచి ఎత్తు, కట్ట ఆరు మీటర్లు లేసింది అని. సముద్ర మట్టం లెక్క కాదది, తికమక పడొద్దు. కట్ట వంపు తిరిగి పొట్ట ఎటు పెట్టిందో అటు పల్లం, అటే మడి, అటే ఆయకట్టు. ఆ మళ్ళు ఇప్పుడు లేఅవుట్లు. మరవ (చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లే చోటు) దూకిన నీళ్ళు కింద చెరువుకి పోయే దారే మీరు రాజకాలువ అనేది. బెళ్ళందూరు నిండితే వర్తూరుకి, వర్తూరు నిండితే దక్షిణ పినాకిని ఏటికి, ఆ వరసలో నీ ఫ్లాట్ యాడ నిలబడిందో సూసుకో. మెజెస్టిక్ బస్టాండ్ ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు, ఈ ఊర్లో చెరువు కాని చోటు వెతుక్కోవాల.

రసమట్టం • బుధవారం ఉదయం 6:00

పెన్నొడ్డు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఊరి మధ్య వీపు ఒకటి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, అందులో దొడ్డబెట్టహళ్ళి దగ్గర 962 మీటర్లు. దానికి పడమట పడ్డ వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి, తూర్పున పడ్డది దక్షిణ పినాకినికి. ఇల్లు కొనే ముందు ప్లాటుకి ఎదురుగా నిలబడి ఎగువన ఎన్ని చెరువులున్నాయో లెక్కపెట్టుకోండి. వాస్తు తర్వాత.

పెన్నొడ్డు • బుధవారం ఉదయం 7:15

గుట్టెక్కినోడా, నీ 57 జీ/11 షీట్ పారేయొద్దు. ఒక నీలం పెన్సిల్ తీసుకో. నంది గుట్టల చుట్టూ వంకలన్నీ దిద్దు, వీ మొనలు వెతుక్కుంటా పైకి పో. ఉత్తరానికి దిగే వంకలు పెన్నేరు, మా తాడిపత్రి మీదుగా కడప, నెల్లూరు పోయి సముద్రంలో కలుస్తాది. తూర్పు దిక్కు పాలారు, కుప్పం మీదుగా తమిళనాడుకి. దక్షిణ పినాకిని ఇంకో పక్క, అర్కావతి ఇంకో పక్క. ఒకే గుట్టల గుంపు మీద పడిన వాన నాలుగు దారులు. దిద్దేది అయ్యేసరికి నీలం తగలని చోటు ఒకటి వెన్నెముక మాదిరి తేలుతాది సూడు, అదప్పా వీపు. మా ఊరి చెనిక్కాయ చేన్లకి నీళ్ళు ఇచ్చే ఏరు, బెంగళూరోళ్ళు సెల్ఫీ దిగే గుట్టలో పుడతాది.

గుట్టెక్కినోడు • శనివారం రాత్రి 10:05

అందరికీ థాంక్స్. ఏ3లో కలర్ ప్రింట్ తీయించా, ఫిట్ టు పేజ్ లేకుండా, షాపు కుర్రాడి పక్కన నిలబడి. స్కేల్ పెట్టి చూశా, అయిదు నిమిషాలకి 18.4 సెంటీమీటర్లు, కరెక్టుగా వచ్చింది. నీలం పెన్సిల్‌తో రెండు సాయంత్రాలు దిద్దా, మా పాప నాన్న కలరింగ్ బుక్ అని పక్కన కూర్చుని ఒక చెరువు ఎర్రగా వేసేసింది.

మేం దిగింది అచ్చం నల్ల గీత మీదే. వీ మొనలన్నీ నేరుగా శిఖరం వైపే చూస్తున్నాయి, లావు గీత మీద 1100 అంకె కూడా ఉంది, నా ప్రింట్‌లో అది మడత మీద పడింది. ఇంకో విషయం, ఎర్ర చుక్కల దారి నిజంగానే ఉంది, మేం దిగిన వంకకి ఉత్తరాన ఉన్న వీపు మీదుగా, అరకిలోమీటర్ కూడా లేదు. నిలువు ఉన్న చోట 1060, 1080 గీతల మధ్య ఎర్ర పెన్నుతో చిన్న అడ్డగీత కొట్టి పక్కన 15ఆర్ అని రాసుకున్నా. షీట్ బామ్మర్దికి చూపించా. వాడు అయిదు నిమిషాలు చూసి, ఈసారి మ్యాప్ నా చేతిలో ఉంటేనే వస్తా బావా అన్నాడు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు • శనివారం రాత్రి 10:12

పెన్సిల్ ఇంకా మిగిలుందా? ఫ్లాట్ లొకేషన్ పంపిస్తున్నా, సోమవారం అడ్వాన్స్ కట్టాలి.